నూనె మట్టము

ధ్యాన భాగము: మొదటి రాజులు 19:1–18



సంఘ పత్రికలో మోటారు సైకిలును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. నూనె అనగానే మత్తయి సువార్త 25వ అధ్యాయములోని పదిమంది కన్యకలు మనకు జ్ఞాపకము వత్తురు. ఆ భాగమును మనము పలుమారులు ధ్యానించితిమి. ఈ నెల వారిని వారి దివిటీలతో విడిచి, వేరొక నూనెను గూర్చియు, దానిని కొలుచుటలో మేము చేసిన పొరపాటును గూర్చియు చెప్పవలసియున్నది. అదే పొరపాటును మేము అంతకుముందే ఒక విశ్వాసి విషయములో చేసియుంటిమి. రెండవది మొదటిదానికంటె బరువైనది. అయినను మొదటిది జరుగనియెడల రెండవది మా కంటికి కనబడకనే పోయెడిది గనుక వరుసగానే చెప్పుదుము.

గ్రామ సంఘములను దర్శించుటకు మాకొక పాత బుల్లెట్టు బండి కలదు. 1955లో మద్రాసు మోటార్సు వారు ఇంగ్లాండులోని రెడ్డిచ్ పట్టణపు ఎన్‌ఫీల్డు కంపెనీతో కలిసి మన దేశములో ప్రారంభించిన బండ్ల వంశములోనిదే ఇదియు. పోత ఇనుప ఇంజను. ఇప్పటి బండ్లలో నూనె ఇంజను అడుగుననే నిలిచియుండును. 2009 తరువాత వచ్చిన క్రొత్త బుల్లెట్టులు గల మన యౌవనస్థులకు ఇంజను ప్రక్కన చిన్న గాజు కిటికీ కూడ ఉన్నది. వంగి చూచిన చాలును. మా పాత దానిలో అట్లు కాదు. ఇంజను పోతలోనే వెనుక తట్టున నూనెకు ప్రత్యేకముగా ఒక గది యున్నది. రెండు చిన్న పంపులున్నవి. ఒకటి గదిలోని నూనెను తీసి క్రాంకు మొదలైన తిరుగు భాగములకు పంపును. అది తన పని ముగించుకొని అడుగునకు జారగా, రెండవ పంపు దానిని ఎత్తి మరల గదిలోనికి చేర్చును. బండి నడచుచున్నంతసేపు ఈ రాకపోకలు జరుగుచునే యుండును. గది మూతకు ఒక పుల్ల తగిలించియుండును. దానిమీద రెండు గీతలు. నూనె క్రింది గీతకు తగ్గరాదు, పై గీతను దాటరాదు.

మూడు వారములు జ్వరముతో పడియుండి లేచిన తరువాత, ఒక సెప్టెంబరు ఉదయమున మేము బండి తీయబోయితిమి. ముందుగా నూనె చూచుట మంచిదని మూత విప్పి చూడగా పుల్ల కొనకు మాత్రమే కొంచెము తడి యుండెను. మాకు భయము కలిగెను. నూనె లేని ఇంజను కొద్దిసేపటిలోనే పట్టుకొనిపోవునని ఎరుగుదుము గదా. వెంటనే పిల్లవానిని పంపి ఒక లీటరు డబ్బా తెప్పించి, ఇంచుమించు అంతయు పోసి, మంచి పని చేసితిమను తృప్తితో బయలుదేరితిమి.

ఆరు కిలోమీటర్లు పోకమునుపే వెనుక తెల్లని పొగ లేచెను. ఇంజను గాలి పోవు గొట్టమునుండి నూనె కారి మా చెప్పులమీదను, రోడ్డుమీదను పడుచుండెను. మాకెదురుగా వచ్చు ఎడ్లబండివాడు ముక్కు మూసికొనెను. ఆ దినమున కూటమునకు పోలేకపోయితిమి. బండిని త్రోసికొనుచు మేస్త్రీ యొద్దకు చేరితిమి.

మేస్త్రీ మమ్మును చూచి, బండిని చూచి, అడిగిన ప్రశ్నలు ఇవి.

“ఎంత పోశారు అయ్యగారూ?”

“దాదాపు లీటరు.”

“బండి తిప్పాక చూశారా, తిప్పకముందు చూశారా?”

“తిప్పకముందే. పుల్లకి ఏమీ అంటలేదు.”

“సైడు స్టాండు మీదా, సెంటరు స్టాండు మీదా?”

దీనికి మేము జవాబు చెప్పలేదు. ఆయనకు జవాబు అవసరము లేకపోయెను.

“ఆయిలు ఎక్కడికీ పోలేదండి. నిలబెట్టిన బండిలో ఆయిలు పైనుంచి జారి కిందకి దిగిపోతుంది. నిటారుగా నిలబెట్టి, రేసు ఇవ్వకుండా ఐదు నిమిషాలు తిప్పి, ఆపి, కాసేపు ఆగి చూస్తే అదే పైన కనపడేది. మరీ పొడిగా ఉందని భయమేస్తే పావు లీటరు పొయ్యండి, తిప్పండి, మళ్ళీ చూడండి. అంతేగాని చూసీ చూడగానే లీటరు పోస్తారా?”

అటుపిమ్మట ఆయన క్రింది బిరడా విప్పి, ఎక్కువైన నూనెను ఒక డబ్బాలోనికి దింపెను. బండిని చదును నేలమీద మధ్య స్టాండుపై నిలిపి, తిప్పి, ఆపి, బీడీ కాల్చునంతసేపు ఊరక కూర్చుండి, పుల్ల తుడిచి ముంచి చూచెను. మరల కొంచెము దింపెను. మరల చూచెను. నూనె పోయుట ఒక్కటే సవరణ అని మేమింతకాలము తలంచియుంటిమి. తీసివేయుట కూడ సవరణయేనని ఆ దినమున చూచితిమి.

పని అయిపోయినదనుకొని మేము లేవగా, “ఆగండి, క్లచ్చి పక్క ఎప్పుడు చూశారు?” అని ఆయన అడిగెను. క్లచ్చియు దాని గొలుసును ఉండు పెట్టెకు నూనె వేరు, గేరుబాక్సుకు వేరు. ఇంజను పుల్ల ఆ రెండింటిని గూర్చి ఏమియు చెప్పదు. పెట్టెకు ప్రక్కన మట్టము తెలియుటకు ఒక మర యున్నది. అది విప్పినప్పుడు నూనె అంచువరకు ఉండవలెను. మేస్త్రీ విప్పెను. ఒక్క చుక్కయు రాలేదు. “చాలా వున్నచోట పోశారు, లేనిచోట చూడలేదు” అని ఆయన నవ్వి, అక్కడ పోయవలసినది పోసెను. గద్దింపలేదు. మేమే మమ్మును గద్దించుకొంటిమి, అదియు బండిని గూర్చి కాదు.

ఆ సంవత్సరము ఏప్రిలు నెలలో మన సంఘములో ఒక పెద్దవారి భార్య ప్రభువునందు నిద్రించెను. ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. అందరము మాస్టారు అని పిలుతుము. ఎన్నో సంవత్సరములు ఆదివారపు బడి నడిపినవాడు. ఆరాధనలో ఆయన వాక్యము చదువుచుండగా వెనుక వరుసలోని పిల్లలు కూడ మాటలాడెడివారు కారు. భూస్థాపన దినమున ఆయన కన్నీరు విడువలేదు. గొప్ప విశ్వాసమని మనమందరము చెప్పుకొంటిమి. జూను నెలలో ఒక సాయంకాలము ఆయన మా యింటికి వచ్చి, కుర్చీలో కూర్చుండక గుమ్మమునొద్దనే నిలిచి ఇట్లు చెప్పెను.

“అయ్యగారూ, ప్రార్థన రావటం లేదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనపడుతున్నాయి గాని మాట వినపడటం లేదు. నాలో ఏమీ మిగల్లేదు. ఈ స్థితిలో బల్ల దగ్గరికి రావడానికి నేను తగను.”

మేమేమి చేసితిమో ఒప్పుకొనవలసియున్నది. పుల్ల పొడిగా కనబడెను, డబ్బా యెత్తి పోసితిమి. తెల్లవారుజామున 5 గంటలకు ప్రార్థన, దినమునకు పది అధ్యాయములు, శుక్రవారము ఉపవాసము, బుధవారపు గృహకూటమును ఆయనే నడిపించుట, ఇవన్నియు ఆయనకు నియమించితిమి. అంతటితో ఊరకొనక, హద్దు మీరిన దుఃఖము అవిశ్వాసమునకు సమీపమున ఉన్నదని కూడ చెప్పితిమి. ఆ మాటను ఎవరు మా నోట నుంచిరో తెలియదు. ప్రభువు మాత్రము కాదు. లాజరు సమాధియొద్ద ఆయన కన్నీరు విడిచెను గదా.

మాస్టారు విధేయుడు. చెప్పినదంతయు మూడు వారములు చేసెను. నాలుగవ వారము కూటమునకు రాలేదు. ఆగస్టులో ఆరాధనకును రాలేదు. మా దర్శనముల డైరీలో ఆయన పేరు ప్రక్కన “చల్లారినాడు” అని ఒక్క మాట వ్రాసికొంటిమి. ఆ పుట నేటికిని ఉన్నది.

మేస్త్రీ యొద్దనుండి వచ్చిన రాత్రి ఆ పుట తీసి చూచి, తరువాత ఏలీయా చరిత్ర చదివితిమి.

ప్రియులారా, 19వ అధ్యాయమును ఒంటరిగా చదువవద్దు, 18వ దానితో కలిపి చదువుడి. కర్మెలు పర్వతముమీద ఒక్క మనుష్యుడు 450 మంది బయలు ప్రవక్తల యెదుట నిలిచెను. ఆకాశమునుండి అగ్ని దిగెను. మూడేండ్ల కరవు తరువాత వర్షము కురిసెను. ఆ వర్షములోనే అతడు అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెను. ఇంత నడచిన యంత్రము ఒక్క స్త్రీ పంపిన బెదిరింపుతో ఆగిపోయెను. అతడు బెయేర్షెబాలో తన దాసుని విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినప్రయాణము పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరెను. అక్కడ తన్ను తాను కొలుచుకొనెను. తన పితరులకంటె తాను ఎక్కువవాడను కానని చెప్పెను. తరువాత హోరేబులో, తాను ఒక్కడనే మిగిలితినని చెప్పెను.

ఆ కొలత సరియైనదా? పూర్వాధ్యాయములోనే ఓబద్యా అతనికి ఎదురై, తాను నూరుమంది యెహోవా ప్రవక్తలను గుహలలో దాచి అన్నపానములిచ్చి పోషించిన సంగతి చెప్పియుండెను. ఏలీయా చెవులార విన్నాడు. అయినను తన లెక్కలో ఆ నూరుమందిని చేర్చలేదు. అబద్ధమాడెనని మేమనము. అలసి, ఆకలిగొని, తోడు లేక, ఒక ప్రక్కకు ఒరిగిన మనుష్యుడు తన్ను కొలుచుకొనినప్పుడు క్రిందికి దిగియున్నది పుల్లకు అంటదు.

ఇప్పుడు దేవుడు ఏమి చేసెనో చూడుడి. గద్దింపు లేదు. ఉపవాసము నియమింపలేదు. అతడు నిద్రపోవుటకు విడిచెను. దూత వచ్చి తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన అప్పమును, ఒక పాత్రలో నీళ్లును చూపెను. తిని త్రాగి అతడు మరల పండుకొనెను. దూత ఇందుకును కోపపడలేదు. రెండవమారు లేపి మరల తినుమనెను. ప్రయాణము అతని శక్తికి మించినదని చెప్పెను. కొంచెము పోసి, ఆగి, మరల కొంచెము పోయుట అనగా ఇదియే. తరువాత నలువది దినముల నడక. ఆ నడక ముగిసిన తరువాతనే, అతడు ఆ గుహలో బసచేసిన తరువాతనే, దేవుడు అతనిని ఇక్కడ నీకేమి పని అని అడిగెను.

ఇంకొక సంగతి మాకు మిక్కిలి ఆదరణ కలిగించెను. దేవుడు ఆ ప్రశ్నను రెండుమారులు అడిగెను. మధ్యలో గాలి, భూకంపము, అగ్ని, తుదకు ఆ నిమ్మళమైన స్వరము. ఇంత జరిగిన తరువాతను ఏలీయా చెప్పిన జవాబు మొదటిదే, మాట మారలేదు. 10వ వచనమును 14వ వచనమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. మనమైతే ఇంత చెప్పినను నీకు తలకెక్కలేదా అందుము. దేవుడు అట్లనలేదు. అతనికి పని చెప్పెను, ఎలీషాను తోడు ఇచ్చెను, చివరకు బయలుకు మోకాళ్లూననివారు ఇశ్రాయేలులో ఏడు వేలమంది తనకు ఉన్నారని తెలిపెను. ఒక్కడు అని ఏలీయా లెక్క. 7,000 అని దేవుని లెక్క. ఆ ఏడు వేలమందిని ఆ దినమున క్రొత్తగా పుట్టింపలేదు. వారు ఉండనే యున్నారు.

ఏలీయాకు ప్రార్థన తక్కువైనదా? ఆసక్తి తక్కువైనదా? అవి సమృద్ధిగా ఉన్నవి. తక్కువైనవి అన్నము, నిద్ర, తోడు. మరియొక పెట్టె, దానికి మరియొక మర.

మరునాడు మాస్టారి యింటికి పోతిమి. ముందుగా యోబు స్నేహితులను జ్ఞాపకము చేసికొంటిమి. వారు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నోరు తెరువక అతనితో నేల కూర్చుండిరి; వారు చేసిన మేలంతయు ఆ ఏడు దినములలోనే జరిగెను. మేమును బైబిలు సంచిలోనే యుంచి కూర్చుంటిమి. చాలసేపటికి సంగతులు ఒక్కొక్కటిగా తెలిసినవి. కుమారుడు దూరపు పట్టణములో ఉద్యోగములో నున్నాడు. ఉదయము వండిన అన్నమే, పచ్చడితో ఒక్కపూట. రాత్రి ఆ గదిలో పండుకొనలేక అరుగుమీద కూర్చుండి తెల్లవార్చుట. తెల్లవారుజామున 5 గంటల ప్రార్థనను మేము ఎవరికి నియమించితిమో అప్పుడు తెలిసికొంటిమి. రాత్రియంతయు నిద్ర లేనివానికి నియమించితిమి. ఒక్కపూట తినువానికి ఉపవాసము నియమించితిమి.

మేము కూర్చుండగనే ఒక విధవరాలు గిన్నెతో వచ్చి పాలు పోయించుకొనిపోయెను. ఎవరని అడిగితిమి.

“మా ఆవిడ ఇచ్చేదండి, ఆ పిల్లకి చంటిబిడ్డ వుంది. ఆమె పోయిందని పాలు మానేస్తామా?”

“ఈ ఐదు నెలలూ ఇస్తూనే ఉన్నారా మాస్టారూ?”

“ఇస్తూనే ఉన్నా. అదేం లెక్కండి, అలవాటు.”

ఆయన తనలో ఏమియు మిగలలేదని మాకు చెప్పినప్పుడు ఈ పాలను లెక్కలో చేర్చలేదు. మేమును అడుగలేదు. నూనె ఎక్కడికిని పోలేదు.

ఉపవాసము మానుమని, పది అధ్యాయములు మానుమని, కూటము బాధ్యత మాకు తిరిగి ఇచ్చివేయుమని చెప్పితిమి. ఒక్క కీర్తన, అదియు చదువబుద్ధి పుట్టిన దినమున. దుఃఖమును గూర్చి మేము పలికిన మాటకు క్షమాపణ వేడుకొంటిమి. ఆయన మాటలాడలేదు, మంచినీళ్లు తెచ్చియిచ్చెను. స్త్రీల సమాజమువారు వంతులు వేసికొని రాత్రి భోజనము పంపుచున్నారు. ఆయనతో పనిచేసిన వేరొక ఉపాధ్యాయుడు రాత్రులు వచ్చి అరుగుమీద మంచము వేసికొని పండుకొనుచున్నాడు. ఇరువురును పాత ఇన్‌స్పెక్టర్లను గూర్చి చెప్పుకొని నవ్వుకొనుచున్నారని విన్నాము.

పుల్ల పొడిగా కనబడినప్పుడెల్ల నూనె ఉన్నదనుకొనుడని ఇందుచేత మేము బోధించుటలేదు. నిజముగానే నూనె తగ్గిన బండ్లు కలవు. చూచుకొనకుండ నడిపి ఇంజను చెరుపుకొనినవారిని ఎరుగుదుము. అందుకే అపొస్తలుడైన పౌలు మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయములో, బల్లయొద్దకు వచ్చు ప్రతివాడు తన్ను పరీక్షించుకొనవలెనని వ్రాసెను. పరీక్షించుకొని దూరముగా పోవలెనని వ్రాయలేదు, తినవలెను త్రాగవలెనని వ్రాసెను. దీనిని గమనింపక బల్లకు దూరమైనవారు మనలో తక్కువమంది కారు.

పరీక్ష ఎట్లు చేసికొందుము? చాలామంది సైడు స్టాండుమీద చూచుకొందురు. లూకా 18లోని పరిసయ్యుడు సుంకరివైపు ఒరిగి తన్ను కొలుచుకొనెను, నిండుగా కనబడెను. వేరొకడు తనకంటె భక్తిపరుడైన పొరుగువానివైపు ఒరిగి కొలుచుకొనును, శూన్యముగా కనబడును. రెండును తప్పుడు కొలతలే. ఆమోసు 7లో ప్రభువు చేతబట్టిన మట్టపుగుండు యెదుట నిటారుగా నిలిచి చూచుకొనవలెను. బండి చల్లగా ఉన్నప్పుడు కాక కొంచెము నడిపి చూచుకొనవలెను, అనగా తెలిసిన ఒక చిన్న విధేయతను, అది ఒక గిన్నెడు పాలే కావచ్చును, చేసి చూచుకొనవలెను. నడచుచుండగా కూడ చూడరాదు, ఆగవలెను. మార్కు సువార్త 6లో సేవనుండి తిరిగి వచ్చిన శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేనందున, ప్రభువు వారిని ఏకాంతముగా అరణ్యప్రదేశమునకు రమ్మని, కొంచెము సేపు అలసట తీర్చుకొనుడని చెప్పెను. మన సంఘపు కూటముల పట్టిక చూచినయెడల ఆయన ఏమనునో! వారమునకు ఏడు కూటములకు పోయి, యింటివారిమీద పొగ విడుచువారున్నారు. వారికి ఎనిమిదవ కూటము అక్కరలేదు. ఆ పట్టిక వేసినది మేమే గనుక ఈ మాట మాకును తగులును. వచ్చే నెలనుండి శుక్రవారపు రెండవ కూటమును ఆపుచున్నాము.

దుఃఖములో ఉన్నవారికి ఒక్క మనవి. మిమ్మును మీరే కొలుచుకొని తీర్పు చెప్పుకొనవద్దు. ఎవరినైన పిలువుడి. మేము వచ్చినయెడల ముందుగా భోజనము చేసితిరా అని అడుగుదుము.

ఈ వ్యాసమును అచ్చునకు పంపకముందు మాస్టారికి చదివి వినిపించి, ఆయన అనుమతి తీసికొంటిమి. ఆయన రెండు అక్షర దోషములు దిద్దెను. డైరీలో వ్రాసిన ఆ మాట తీసివేయుదుమా అని అడుగగా, ఉండనిండు అనెను. గత రెండు ఆదివారములు ఆయన ఆరాధనకు వచ్చి, తలుపు ప్రక్క బల్లమీద కూర్చుండి, సంస్కారమునకు ముందే లేచి వెళ్లెను. ఈ నెల మొదటి ఆదివారమున ప్రభువు బల్ల సిద్ధపరచబడును. వత్తురా అని మేమాయనను అడుగలేదు. ఆ ఉదయము మా బండిమీద కూర్చుండి రమ్మని మాత్రము అడిగితిమి; క్లచ్చి పక్క నూనె చూచితిరా అని ఆయన మమ్మును అడిగెను.